లక్ష్మీరాజం రాసిన అర్జీ

ఊరిడిసి బతుకనీకె తాపీ ఒడ్డుకు వచ్చి గోడాదరాల ఉన్న మా తెలుగోళ్లందరు లక్ష్మీరాజంను కవి అంటరు. నేను అనను. పదమూడేండ్ల సంది నా మెస్సుల రెండు పూటల తింటుండు, ఒక్కనాడన్న సక్కగ మాట్లాడిండా అంటే లేదు. పప్పుల ఉప్పు తక్కువైతే "అక్కా, ఉప్పు తక్కువైంది" అనాలె, నాకు సమజైతది, ఖతం. గాయన అనడు. "వజ్రక్కా, ఇయ్యాల సముద్రుడు అలిగిండా?" అంటడు. నేను ఇంత ఉప్పు తీసుకపోయి ఆయన పళ్లెంల గుమ్మరిస్త. తిను ఇగ నీ సముద్రం.

ఆయన పని జాకార్డు కార్డులు కొట్టుడు. చీర మీద పువ్వు ఏడ రావాల్నో, ఆకు ఏడ రావాల్నో అట్టల మీద బెజ్జాలు కొట్టి పెడితే, సాంచా, అంటె కరెంటు మగ్గం, ఆ బెజ్జాల లెక్కనే నేస్తది. ఒక్క బెజ్జం ఎక్కువ పడితే చీర ఖరాబ్. గా పనిల మాత్రం మనిషి మస్తు జాగ్రత్త. కాయితం మీదికి వచ్చెనా, ఇగ చేతికి అడ్డు లేదు, బెజ్జాలే బెజ్జాలు.

మావోళ్లకు గదే కావాలె. పెండ్లి కార్డు లక్ష్మీరాజమే రాయాలె, సంఘం ఎలక్షన్ల కాయితం లక్ష్మీరాజమే రాయాలె, ఎవరన్న పోతే ఫోటో కింద నాలుగు ముక్కలు గూడ ఆయనే. ఒకసారి సాంచాల మాలిక్ శేఠ్‌కు శాలువ కప్పి సన్మానపత్రం సదివిండు. శేఠ్‌ను హిమాలయ పర్వతం అన్నడు. గా శేఠ్ ముక్కి మూలిగి అయిదడుగులు ఉంటడు, తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా తలకాయ ఊపుకుంట కూసున్నడు. తాగి మెట్ల మీద జారిపడి సచ్చిన కనకయ్యను నేలరాలిన ధ్రువతార అని రాసిండు. కనకయ్య పెండ్లాం గది సదివించుకొని, "ఈయన ఎవరు?" అని నన్ను అడిగింది.

లాక్‌డౌన్ పడ్డంక సాంచాలన్ని బందైనయి. అవతల సచిన్ ఏరియాల బంద్, ఇక్కడ బంద్. పొద్దంత ఖటఖట మోగే గల్లీల ఎవరన్న దగ్గితే నాలుగిండ్ల అవతలికి వినవడుతుంది, వినవడంగనే తలుపులు పడుతున్నయి. మెస్సుల ఎవర్ని కూసోవెట్టద్దు, డబ్బాలు కట్టి ఇయ్యచ్చు అని పోలీసోళ్లు చెప్పిపోయిన్రు. లక్ష్మీరాజం రూము నా మెస్సు మీదనే. పని లేదు, రాయమనేటోడు లేడు. మూతిగుడ్డ గదువ కిందికి గుంజుకొని మెట్ల మీద కూసొని నాకు పాఠాలు షురూ చేసిండు.

"ఒకదాన్ని ఇంకోదాంతోని పోలిస్తే ఉపమ అంటరక్కా. ఒక్క అక్షరమే మళ్ల మళ్ల చెవికి తగిలితే అనుప్రాస. ఉన్నదానికంటె పెంచి చెప్తే అతిశయోక్తి. జవాబు అక్కెర లేకుంట ప్రశ్న అడిగితే గది గూడ ఒక అలంకారమే. అవతలోడు జవాబు చెప్పడు, తలకాయ దించుకుంటడు."

"గీటితోని ఏం ఫాయిదా?" అని అడిగిన, రొట్టెలు వత్తుకుంట.

"ఊకె చెప్తే ఎవ్వరు వినరక్కా. వినెటట్టు చెయ్యాలె."

"నీకు పని లేక పిచ్చి లేస్తుంది. వెయ్యిసార్లు చెప్పిన, ఆ మూతిగుడ్డ సక్కగ పెట్టుకో అని."

పండ్లన్ని బయట పెట్టి నవ్విండు. "వెయ్యిసార్లు అన్నవ్ చూడు, గదే అతిశయోక్తి."

నాకు కాలింది. ఎందుకంటె నేను మూడుసార్లే చెప్పిన.

ఇగ సుమన సంగతి చెప్పాలె, అసలు కథ గా పిల్లదే. సుమనకు ఇరవై రెండేండ్లు. పెనిమిటి మహేశ్ సచిన్‌ల సాంచాలు నడుపుతడు. మార్చిల మా గల్లీలనే కొత్తగ రూము దొరికింది. సున్నం ఎయ్యాలె, ఫ్యాన్ పెట్టాలె, గా దుమ్ముల పసిపిల్ల ఎందుకని పదకొండు నెలల బిడ్డను ఊర్ల తల్లి దగ్గర ఇడిసిపెట్టి వచ్చింది. బిడ్డ పేరు విజయరాణి. తల్లి పేరు చిన్నవ్వ. పది రోజుల్ల రూము సదురుకొని పోయి బిడ్డను తెచ్చుకుంట అన్నది. అయిదో రోజుకు రైళ్లు, బస్సులు అన్ని ఆగిపోయినయి.

మహేశ్‌కు పని బందైంది గద, సుమన నా దగ్గర రొట్టెలు వత్తెతందుకు వచ్చేది. మొదట్ల పాలు చేపి రైక తడిసిపోయేది. లేసి నా బాత్రూంల పోయి పిండుకొని, మొఖం కడుక్కొని, వచ్చి మళ్ల పీట ముంగట కూసునేది. నేను చూసి చూడనట్టు ఉండేదాన్ని. ఏప్రిల్ సగంల ఒకనాడు పిండి కలుపుకుంట కలుపుకుంట, "పెద్దమ్మా, పాలు ఇగ వస్తలెవ్వు" అన్నది. అంతే అన్నది.

బిడ్డకు మాత్రం ఏ లోటు లేదు. చిన్నవ్వకు నలభై ఆరేండ్లు, రాయి అసొంటి మనిషి. ఇంట్ల రెండు బర్రెలున్నయి. గా బర్రెపాలు తాగి పోరి బుగ్గలు ఎట్ల ఉబ్బినయో నేను ఫోన్ల చూసిన. తకలీఫ్ అంత ఈ తల్లికే.

మే నెల వచ్చినంక ఊర్లకు పోనిస్తున్నరని తెలిసింది. కామ్‌రేజ్ కాడ హైవే మీద బస్సులు పెడుతున్నరు, గని ఊరి దిక్కు మన జిల్లాల కలెక్టర్ ఆఫీసోళ్లు ఒప్పుకుంటెనే ఎక్కిస్తరట. మహేశ్ ఫారం నింపి పంపిండు. పేరు, ఆధార్ నంబర్, ఫోన్ నంబర్, పోయే కారణం. కారణం కాడ "బిడ్డ ఊర్ల ఉన్నది" అని రాసిండు. తొమ్మిది రోజులు చూసినం. సప్పుడు లేదు. లిస్టుల వాళ్ల నంబరు నాలుగు వందల పన్నెండు అని ఎవరో చెప్పిన్రు.

అప్పుడు నేనే లక్ష్మీరాజంను పిలిచిన. ఆఫీసోళ్ల వాట్సాప్ నంబర్ ఉన్నదట, దానికి తెలుగుల అర్జీ పంపచ్చట. "తమ్మీ, పిల్లదాని తరపున ఒక కాయితం రాయి. జర గట్టిగ రాయి, సదివినోళ్ల పానం కదలాలె" అన్న. పదమూడేండ్లల్ల నేను ఆయనను రాయమని అడుగుడు గదే మొదలు. మనిషి మొఖం చూడాలె అప్పుడు! సక్కగ మీదికి పోయి, సాయంత్రం తెల్లంగి తొడుక్కొని కిందికి దిగిండు. అర్జీ సదువ తెల్లంగి ఎందుకో నాకు తెల్వది.

మహేశ్, సుమన, డబ్బాల కోసం వచ్చిన నలుగురు దూరం దూరం నిలవడ్డరు. ఆయన గొంతు సవరించుకొని ఎత్తుకున్నడు.

"కరుణాసముద్రులు, దయాసింధువులు, దీనజన బంధువులు అయిన కలెక్టరు గారి పాదపద్మములకు! తల్లి తాపీ తీరాన, బిడ్డ మానేరు ఒడ్డున. నడుమ లాక్‌డౌన్ అనే ఇనుప గోడ. గొంతెండిన పసికందుకు గుక్కెడు పాలు కరువు. చూపు లేని అమ్మమ్మ చీకట్లో గోడలు తడుముతున్నది. దిక్కులేని అనాథయై, ఊపిరి దారానికి వేలాడుతూ ఆ పసిప్రాణం పిలుస్తున్నది. అమ్మా! అమ్మా! అమ్మా! అయ్యా, మీ ఇంట్లో ఉయ్యాల లేదా? ఆ ఉయ్యాలలో బిడ్డ లేదా? ఈ పిలుపు మీ చెవిన పడదా?"

సముద్రమట, సింధువట. రెండు ఒక్కటే గద, రెండుసార్లు ఎందుకురా నాయినా అని నేను మనసుల అనుకుంటున్న. గని మూడుసార్లు అమ్మా అన్నడు చూడు, గక్కడ దొరికిపోయిన. మొదటిసారి అన్నప్పుడు నేను రొట్టె వత్తుడు ఆపలే. రెండోసారికి చెయ్యి ఆగింది. మూడోసారికి కొంగుతోని ముక్కు చీదుకున్న. డబ్బాలకు వచ్చినోళ్లు గూడ ఏడుస్తున్నరు. ఆ పిల్ల బర్రెపాలు తాగి బొద్దుగ ఉన్నదని తెలిసిన నేను ఏడ్సుడేంది, నా మొఖం! సిగ్గు లేదు నాకు.

సుమన ఒక్కతే ఏడ్వలే. "అన్నా, మా అవ్వకు కండ్లు మంచిగనే కనవడతయి" అన్నది మెల్లగ.

"అది అతిశయోక్తి, చెల్లె. నువ్వు పరేషాన్ గాకు."

"పాలు గూడ ఉన్నయి గదన్నా. రెండు బర్రెలు..."

"నువ్వు ఊకో, నీకేం తెల్వది" అని నేనే గదమాయించిన. "పెద్ద సార్లకు గట్లనే రాయాలె. కింద సంతకం పెట్టు."

పిల్ల సంతకం పెట్టింది. నా ఫోన్లకెళ్లే పంపినం.

రెండో రోజు పొద్దుగాలనే జవాబు. సుమన పేరు అర్జెంటు లిస్టుల ఎక్కించిన్రు. ఒక్క మనిషికి పాసు. బేస్తవారం కామ్‌రేజ్ కాడ బస్సు. సుమన నన్ను పట్టుకొని గుంజి గుంజి నవ్వింది, యాభై రోజుల్ల ఆ పిల్ల పండ్లు చూసుడు గదే మొదలు. లక్ష్మీరాజం మెట్లు దిగుడు చూస్తే ఊరేగింపుల ఉన్నట్టే ఉండె. "నాలుగు వందల మంది ఫారాలు పంపిన్రక్కా, ఎవరికన్న వచ్చిందా? నా కాయితానికి ఒక్క రోజుల వచ్చింది" అన్నడు. ఆయన డబ్బాల నేను ఇంకో రొట్టె ఎక్కువ ఏసిన.

అదే రోజు మధ్యాహ్నం చిన్నవ్వ ఫోన్ చేసింది. సుమన స్పీకర్ పెట్టింది. చిన్నవ్వ ఒర్రుడు గల్లి చివరిదాక వినవడ్డది.

"నేను గుడ్డిదాన్నానే? నా కండ్లు పోయినయని ఎవనికి రాసిచ్చినవే? జీపుల ముగ్గురు దిగిన్రు, పిల్లను గుంజుకపోతరటనే! అనాథ అట! నేను సచ్చిన్నా?"

ఆమె చేతులకెళ్లి ఫోన్ ఎవరో తీసుకున్నరు. పిల్లల సంగతి చూసే ఆఫీసరమ్మట. గొంతు మెత్తగనే ఉన్నది, మాట మాత్రం గీసినట్టు సక్కగ ఉన్నది.

"అమ్మా, మీ అర్జీ నా చేతిలో ఉంది. బిడ్డ అనాథ అని, పాలు లేవని, అమ్మమ్మకు చూపు లేదని మీరే సంతకం పెట్టారు. మీ అమ్మగారు మమ్మల్ని చీపురు పట్టుకొని తరిమారు, చూపు బాగానే ఉన్నట్టుంది. కానీ నేను చూసింది కాదు, కాగితంలో ఉన్నది పైకి పోయింది. బిడ్డను శిశుగృహంలో పెట్టమని ఆర్డర్ వచ్చింది."

"మేడమ్, వద్దు మేడమ్" అన్నది సుమన.

"వినండి. కాగితం నిజమైతే రేపు పొద్దున పదింటికి వచ్చి బిడ్డను తీసుకుపోతాం. మీరు బస్సుకు రండి, పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉండండి, తర్వాత విచారణ చేసి బిడ్డను ఇస్తారు. నిజం కాకపోతే, మీ చేతితో రాసి సంతకం పెట్టి పంపండి. బిడ్డను ఎవరు చూస్తున్నారు, మీరు ఇప్పుడు రాకపోతే బిడ్డకు ఇబ్బంది ఉందా లేదా, స్పష్టంగా రాయండి. బిడ్డ మీ అమ్మ దగ్గరే ఉంటుంది. మీ పేరు అర్జెంటు లిస్టులోంచి పోతుంది. రెండూ కావాలంటే నా వల్ల కాదు."

ఫోన్ బంద్ అయింది. సుమన ఫోన్ దిక్కు చూసుకుంట అట్లనే నిలవడ్డది. నేను పోయి మెట్ల కింద నిలవడి లక్ష్మీరాజంను పిలిచిన. పిలిచిన అంటే మర్యాదకు చెప్తున్న. గోడాదరా మొత్తం వినవడేటట్టు ఒర్రిన.

"దిగు కవిగారూ, దిగు! నీ అనాథ కోసం జీపు వచ్చిందట!"

సంగతి విని ఆయన మొఖం పిండి లెక్క అయింది. "నేను అబద్ధం రాయలే వజ్రక్కా, అలంకారం రాసిన" అన్నడు.

"అలంకారమట! అలంకారం పెట్టుకుంటె మెడల పెట్టుకో, ఊరేగు. పిల్ల పానం మీదికి ఎందుకు తెచ్చినవ్? కార్డుల ఒక్క బెజ్జం ఎక్కువ కొడితే శేఠ్ పనిల కెళ్లి తీస్తడని భయం. గీ పిల్ల బతుకుల ఎన్ని బెజ్జాలు కొట్టినా అడిగేటోడు లేడనే గద?"

"నేను మళ్ల రాస్త. నిమిషంల సదురుత" అని జేబుల కెళ్లి పెన్ను తీసిండు. తీసి మెట్టు మీద కూసొని రాసుడు షురూ చేసిండు. నేను వంగి చూసిన. "మబ్బుల మాటున దాగిన సూర్యుని వలె సత్యము" అని మొదలు పెట్టిండు! నేను గా కాయితం గుంజి నాలుగు ముక్కలు చేసిన.

"కండ్లు కనవడతయి అని రాయనీకె నీకు సూర్యుడు ఎందుకురా?"

"అట్ల రాస్తే ఎవరు సదువుతరక్కా?" ఆయనకు గూడ కోపం వచ్చింది. "బిడ్డ ఊర్ల ఉన్నది అని మహేశ్ సక్కగనే రాసిండు గద. ఎవడన్న సదివిండా? తొమ్మిది రోజులల్ల ఒక్కడన్న ఫోన్ చేసిండా? నువ్వు వెయ్యిసార్లు అంటవ్, నిన్ను ఎవరు తప్పు పట్టరు. నేను అనాథ అంటే తప్పైందా?"

"నేను వెయ్యి అంటే నా మొఖం చూసి మూడే అని నీకు ఎరుకైతది. కాయితం సదివేటోళ్లకు నీ మొఖం ఏడ కనవడతది? అనాథ అంటే అనాథ అనే అనుకున్నరు వాళ్లు. వాళ్ల తప్పేమున్నది?"

ఆయన పెన్నుకు మూత పెట్టిండు. అటెన్క నా మొఖం చూడకుంటనే, "గట్టిగ రాయమన్నది ఎవరక్కా?" అన్నడు.

అన్నది నేనే. పిల్ల చెప్పవోతుంటే నోరు మూయించింది గూడ నేనే. ఇన్నేండ్ల సంది ఆయనను ఎక్కిరించుకుంట వచ్చిన, అక్కెర పడంగనే ఆయన దగ్గరికే పోయిన. నా మీద నాకే ఉమ్మాలనిపించింది.

మహేశ్ గోడకు ఒరిగి నిలవడ్డడు. "పాసు ఇడువద్దు సుమనా" అన్నడు. "పద్నాలుగు రోజులే గద. శిశుగృహంల పాలు పోస్తరు, చూసుకుంటరు. గీ పాసు పోతే మళ్ల ఎప్పుడొస్తదో ఎవనికెరుక?"

"ఎవరు ఎత్తుకుంటరు?" అని అడిగింది సుమన.

"ఎవరో ఆయమ్మ ఉంటది."

"దానికి మూతులకు గుడ్డలు కట్టుకున్నోళ్లను చూస్తే భయం. అవ్వ చెప్పింది." సుమన పిండి చేతులు కడుక్కున్నది. "కాయితం ఇయ్యి పెద్దమ్మా."

డబ్బాల లెక్క రాసే నోటుబుక్కుల కెళ్లి ఒక పేజీ చింపి ఇచ్చిన. లక్ష్మీరాజం తన పెన్ను ఇయ్యబోయిండు. తీసుకోలే. మహేశ్ జేబుల పెన్ను తీసుకొని, రొట్టెల పీట తిరగేసి దాని మీద పెట్టుకొని రాసింది. పదో తరగతి దాక సదివిన పిల్ల. ఎక్కువ సేపు పట్టలే. నడుమ ఒక్క కాడ ఆగింది, తల ఎత్తలే, మళ్ల రాసింది. రాసి, తప్పులున్నయేమో ఒక్కసారి పెద్దగ సదువుమని నాకు ఇచ్చింది. నేను సదివిన.

"మేడమ్ గారికి. నా పేరు సుమన. విజయరాణి నా బిడ్డ. పదమూడు నెలలు. అనాథ కాదు. మా అవ్వ చిన్నవ్వ దగ్గర ఉన్నది. మా అవ్వకు నలభై ఆరేండ్లు, కండ్లు కనవడతయి. ఇంట్ల రెండు బర్రెలున్నయి, పాలకు లోటు లేదు. పోయిన వారం బిడ్డ నడిచింది, నేను ఫోన్ల చూసిన. నేను ఫోన్ల కనవడితే గుర్తు పడుతలేదు. మా అవ్వను అమ్మ అని పిలుస్తున్నది. రాత్రి మా అవ్వ పక్కన ఏడ్వకుంట పంటున్నది. నేను ఇప్పుడు రాకున్నా..."

అక్కడ ఆగిన. ఇంక ఒక్క లైనే ఉన్నది. నేను సదువలేకపోయిన. లక్ష్మీరాజం వచ్చి నా చేతిలకెళ్లి కాయితం తీసుకున్నడు. మనసుల సదువుకున్నడు.

"గీ ఆఖరి లైను అక్కెర లేదు చెల్లె" అన్నడు. "తీసెయ్. గిది లేకున్నా వాళ్లకు సమజైతది."

"మేడమ్ అడిగిందే గది గదన్నా" అన్నది సుమన. కాయితం తీసుకొని ఆ లైను తానే సదివింది, రేషన్ లిస్టు సదివినట్టు. "నేను ఇప్పుడు రాకున్నా బిడ్డకు ఏం తకలీఫ్ లేదు. ఇట్లు, సుమన."

లక్ష్మీరాజం పోయి మెట్ల మీద కూసున్నడు. నన్ను తిట్టమన్నట్టు చూసిండు గని నాకు తిట్టు రాలే.

నేను ఫోటో తీసి పంపిన. గంట తిరగకముందే జవాబు వచ్చింది. బిడ్డ అమ్మమ్మ సంరక్షణలో ఉండవచ్చు, అర్జీ ముగించబడినది, పాసు రద్దు. సుమన సదివింది. ఫోన్ నా చేతుల పెట్టి పీట మళ్ల సక్కగ తిప్పుకొని, పిండి ముద్ద తీసుకున్నది.

"జీపు ఎళ్లిపోయిందో లేదో జర అవ్వకు ఫోన్ చేసి అడుగు పెద్దమ్మా" అన్నది. "రాణి పక్కనే ఉంటది, అవ్వను అమ్మ అని పిలుస్తది. గది వినుడు నాతోని కాదు."